మెత్త రబ్బరా, గట్టి రబ్బరా

మా ఇంట్లో ఒక పాత కారుంది. దాన్ని కారు అనడానికి మా ఆయనకు నోరు రాదు, "మీ బాపు డబ్బా" అంటాడు. స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, ముందు సీటు సోఫాలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. నేను పుట్టకముందు మా నాన్న కొన్నది, బాపు అంటాను. చిక్కడపల్లిలో మా గల్లీ వాళ్ళలో దాన్ని ఒక్కసారైనా తొయ్యని మనిషి లేడు.

నా చిన్నప్పటి నుంచీ బాపుది ఒకటే మాట. "రిటైరయినంక దీని ఇంజన్ దింపిస్త బిడ్డా. గుర్రం లెక్క చేపిస్త." రిటైరై ఏళ్ళు గడిచాయి. గుర్రం సంగతి దేవుడెరుగు, నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏడుగురిని ఎక్కించుకున్న ఆటో కూడా మమ్మల్ని దాటిపోతుంది. నేను అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్తాను. పొద్దున లేస్తే రైళ్ళ వేగం, పడవల వేగం. సొంత కారు వేగం మాత్రం ఏ పిల్లాడూ అడగకుండా ఉంటే చాలనుకునేదాన్ని.

ఈలోపు బాపుకు చెవులు పోయాయి. చెవికి పెట్టుకునే మెషీన్ కొనిచ్చాం. కొన్నాళ్ళు పెట్టుకుని తీసి బీరువాలో పడేశాడు. "మీ మాటలు వినొస్తలేవు, చౌరస్తాల హారన్లన్నీ వినొస్తున్నయి" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాత తను మాట్లాడటం కూడా మానేశాడు. ఇంట్లో కూర్చుని చెప్పే కబుర్లు గల్లీ మలుపు దాకా వినపడే మనిషి, మంచినీళ్ళు కావాలన్నా సైగ చెయ్యడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో మెసేజ్ పెడితే దండం బొమ్మ పంపుతాడు. తిన్నావా అంటే దండం. కరెంటొచ్చిందా అంటే దండం. ఆ దండం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మండటమేమిటి, ఏడుపొచ్చేది.

అందుకే ఈ ఏడు నేనే నడుం కట్టాను. ఇంజన్ దింపిద్దాం, పని మొదలైతే బాపు ఊరుకోలేడు, అడ్డం పడైనా నోరు తెరుస్తాడు. అదీ నా ఎత్తు.

ఆదివారం పొద్దున అడిక్‌మెట్ నుంచి మేస్త్రీ వచ్చాడు. పాత బండ్లకు జోరు తెప్పించడంలో పేరున్నవాడు. హాల్లో కూర్చుని, చాయ్ తాగి, పెళ్ళి మాటలు మాట్లాడినంత గంభీరంగా మొదలుపెట్టాడు.

"అక్కా, ఇంజన్ ఎట్లాగు బోరుకొచ్చింది, సిలిండర్లు అరిగినయ్. బోరు చేపిచ్చేటప్పుడే జర పెద్ద పిస్టన్లు ఏద్దం. హెడ్డు కొంచెం గీపిద్దం. ఒక కార్బురేటర్ ఉన్నకాడ రెండు పెడదం. గప్పుడు సూడు."

మా ఆయన పేపరు మడిచాడు. "గప్పుడు ఏమైతది?"

"ఉరుకుతది సార్."

"నారాయణగూడ చౌరస్తాల ఏడికి ఉరుకుతది?"

న్యాయమైన ప్రశ్నే. కానీ నాకు కోపం వచ్చింది. "పెండ్లికి కుట్టించుకున్న సూటు మళ్ళ ఎన్నడన్న ఏస్కున్నరా మీరు? అయినా బీరువాల లేదా?" అన్నాను. ఆయన మళ్ళీ పేపరు విప్పాడు.

ఇదంతా ఫోన్‌లో రాసి పక్కనే ఉన్న బాపుకు చూపించాను. పెద్ద పిస్టన్లు బాపూ, రెండు కార్బురేటర్లు. చదివాడు. నవ్వాడు కూడా. నా ఫోన్‌కు దండం బొమ్మ వచ్చింది.

అసలు పేచీ రబ్బర్ల దగ్గర వచ్చింది. ఇంజన్‌ను బండికి బిగించే చోట కింద రబ్బర్లుంటాయి, ఫౌండేషన్ రబ్బర్లంటారు. మావి ఎండి రాయైపోయాయట, అందుకే బండి అంతలా వణుకుతుందట. మెత్తవి వేస్తే ఇంజన్ నడుస్తున్నట్టే తెలియదు. రేసు బండ్లకు గట్టివి వేస్తారు, జోరుకు ఇంజన్ అటూ ఇటూ ఊగకుండా. కానీ కూర్చున్నవాళ్ళకు పళ్ళు కూడా వణుకుతాయి. పెద్దాయన కూర్చునే బండి, మెత్తవే వేద్దామన్నారు మేస్త్రీ, మా ఆయనా ఇద్దరూ. నేనూ సరేనన్నాను. ముసలి నడుముకు సుఖం కదా. బాపును అడిగితే మళ్ళీ దండమే.

నా ఎత్తు పారలేదు. మనసు విరిగిపోయింది, అయినా మాటిచ్చేశాం కనుక వారం తిరిగాక బండిని అడిక్‌మెట్‌కు తీసుకుపోయాం. నేను నడుపుతున్నాను, పక్కన బాపు, వెనక మా ఆయన. చౌరస్తా దాటుతుంటే ట్రాఫిక్ ఆగిపోయింది. బస్సుల మోత, బైకుల మోత, నా ఇంజన్ నాకే వినపడటం లేదు.

బాపు డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు, పడిపోకుండా పట్టుకున్నాడనుకునేదాన్ని.

"మిస్సింగ్ ఉన్నది బిడ్డా" అన్నాడు. "ఒక సిలిండర్ కొడతలేదు. ఆక్సిలేటర్ జర తొక్కిపట్టు, లేకుంటే ఆగిపోతది."

ఎన్నాళ్ళకో విన్న గొంతు. గబుక్కున తొక్కాను. బండి ఆగలేదు. వెనక నుంచి మా ఆయన "ఏంది, ఎవరు మాట్లాడింది" అన్నాడు.

ఆ తర్వాత బాపు ఆపలేదు. ఎత్తెక్కేటప్పుడు ఈ బండి ఎట్లా గునుస్తుందో, వానాకాలం పొద్దున ఎట్లా దగ్గుతుందో, అదంతా ఇప్పుడు చేతికి తెలుస్తుందట. "ఇంట్ల మీరంత మూగోళ్ళయిన్రు" అన్నాడు. "ఇదొక్కటే నాతోని మాట్లాడుతది." బండి చెప్పే ఆ మాటనూ పీకి పారేసి మెత్తటి రబ్బర్లు వేయించబోతున్నాం, అదీ సుఖమని.

షెడ్డు ముందు బండి ఆపి బాపును దింపుతున్నాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మేస్త్రీ నవ్వుతూ ఎదురొచ్చాడు. "మెత్త రబ్బర్లు తెప్పిచ్చినక్కా, మస్తుంటయ్" అన్నాడు.

"నీ మెత్త రబ్బర్లు నువ్వే ఏస్కో" అన్నాను. "నాకు గట్టివే కావాలె. ఇప్పుడెంత వణుకుతున్నదో రేపు గూడ గంత వణకాలె. తక్కువైతే ఊకోను."

"అక్కా, పెద్దసార్ పరేషాన్ అయితడు."

"సార్ సంగతి నీకేం తెలుసు? నాకే తెల్వదు, నీకు తెలుసా?" వెనక నుంచి మా ఆయన "నడుం నొప్పి" అని ఏదో అనబోయాడు. ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను.

నా వీపు మీది చెయ్యి మెల్లగా పైకి జరిగి మెడ కింద ఆగింది.

"మాటలు తెలుస్తలేవు గానీ, కోపమైతే తెలుస్తున్నది బిడ్డా" అన్నాడు బాపు. "జర ఇంకొంచెం తిట్టు."

మేస్త్రీ పాపం ఏ తప్పూ చెయ్యలేదు. అయినా ఇంకాసేపు తిట్టాను.