మా పిన్నికి సవతైన ఇనుప చెయ్యి

దెయ్యాల కథ చదవబోతున్నామని సర్దుకుని కూర్చుంటే ఇక్కడే లేచిపోండి. ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో, రైల్వే క్వార్టర్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని, అలాంటి కథలు చిన్నప్పటి నుంచి చెవులు చిల్లులు పడేలా విన్నాను. పట్టాల పక్కన తెల్లచీర, ఖాళీ క్వార్టర్లో గజ్జెల చప్పుడు. ఒక్కటీ నమ్మలేదు. చెప్పినవాళ్లని "నువ్వు సూసినావా?" అని నిలదీసి, వాళ్లు నీళ్లు నములుతుంటే నవ్వుకునే రకాన్ని. ఇప్పుడు అదే మాట నన్నెవరైనా అడిగితే చూశాననే చెప్పాలి. అదీ పట్టపగలు, జనం తిరిగే ఫ్యాక్టరీలో.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక చిన్న ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. నీళ్ల పంపులకు కావలసిన ఇనుప భాగాలు పోతపోస్తారు. నా పక్కన ఒక రోబో పనిచేస్తుంది. రోబో అంటే తలా కాళ్లూ ఊహించుకోకండి. బల్లకు బిగించిన ఒంటి చెయ్యి, అంతే. భుజం, మోచెయ్యి, మణికట్టు ఉంటాయి. చుట్టూ కంచె ఉండదు, మనిషి తగిలితే ఠక్కున ఆగిపోతుంది. అది ముక్క అంచుల్లో గరుకు అరగదీస్తుంది, నేను తీసి చూసి పక్కన పెడతాను. మేమంతా దాన్ని 'చెయ్యి' అనే పిలుస్తాం.

దానికి పని నేర్పింది మా చిన్నాన్న. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇలాంటి చెయ్యికి పని నేర్పాలంటే, చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించినట్టు దాన్ని పట్టుకుని మనమే ఒకసారి తిప్పాలి. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేలిగ్గా పోవాలో అది గుర్తుపెట్టుకుని అలాగే చేస్తుంది. ఆ దిద్దించే పనికి మా బెంగాలీ ఇంజనీరు తన్మయ్ దా, అంటే తన్మయ్ అన్న, ఏరికోరి చిన్నాన్నను పెట్టుకున్నాడు.

అక్కడే ఒక తమాషా జరిగింది. వర్క్‌షాపు హోరులో మాట వినపడదు కదా, అందుకని చిన్నాన్న తన పని అవగానే ముక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. 'నాదైంది, నువ్వు తీసుకో' అని పక్కవాడికి చెప్పడమన్నమాట. చెయ్యికి నేర్పేటప్పుడూ అలవాటు కొద్దీ దాన్ని పట్టుకుని తట్టేశాడు. ఇంకేముంది, అది కూడా పనిలో భాగమే అనుకుని, ఆ చెయ్యి ప్రతి ముక్కనూ టక్ టక్ మని తట్టి మరీ నాకివ్వడం మొదలుపెట్టింది. ఫ్లోరంతా ఒకటే నవ్వు. తన్మయ్ దా కూడా కడుపుబ్బ నవ్వి, టైము దండగని ఆ తట్టుడు వరకూ ప్రోగ్రాములోంచి తీసేశాడు. "మరియాద నేర్పితే ఒద్దంటారేటి దాదా" అని చిన్నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

ఇంట్లోనూ ఆయనది అదే భాష. బయటికి వెళ్తూ 'వస్తాను' అని నోటితో అనడు. గడప దాటి తలుపు రెక్క మీద రెండుసార్లు తడతాడు. వంటింట్లోంచి మా పిన్ని "ఎల్లి రండి" అంటుంది. పెళ్లయిన దగ్గర నుంచీ అంతేనట. వాళ్లకు పిల్లల్లేరు. వాళ్ల చేతుల్లో పెరిగినదాన్ని నేనొక్కదాన్నే, ఇప్పుడు వేరే ఉంటున్నా ఆ తట్టుడు వింటూనే పెద్దయ్యాను.

ఒక పొద్దున్న ఇద్దరికీ మాటామాటా వచ్చింది. బీపీ మాత్రలు మింగకుండానే చిన్నాన్న డ్యూటీకి బయల్దేరాడని పిన్నికి ఒళ్లు మండింది.

"రిటేరైనాక ఇంకా ఏటి డూటీ? ఆ ఇనప సెయ్యి మీదున్న పేనం నా మీద నేదు. ఎల్లండి, నా సవితి కాడికే ఎల్లండి!" అందట.

చిన్నాన్న చెప్పులేసుకుని బయల్దేరాడు. ఆ రోజు పిన్నికి తలుపు చప్పుడు వినపడలేదు. మలంచా రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డ చోటే ఆయన గుండె ఆగిపోయింది.

పరామర్శకు ఎవరొచ్చినా పిన్నిది ఒకటే మాట. "అలిగెలిపోనాడు. తలుపైనా తట్టనేదు. నేను ఎల్లి రండి అననేదు, ఆయన రానేదు." పగలంతా వీధి తలుపు గడియ వెయ్యదు. పాలవాడు తట్టినా ఉలిక్కిపడి లేస్తుంది. కంచంలో అన్నం కెలికి వదిలేస్తుంది. మనిషి చీపురుపుల్ల అయిపోయింది. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను కూడా. ఆయన అలిగి వెళ్లలేదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆ మనిషే లేడు. ఇలాగే వదిలేస్తే పిన్ని కూడా మాకు దక్కదని నాకు గట్టిగా భయం పట్టుకుంది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఖరగ్‌పూర్‌లో ఆ రోజు యంత్రాలకు సెలవు. కడిగి, బొట్టుపెట్టి, దండలేస్తారు. ఇంటివాళ్లని లోపలికి రానిచ్చి మా మిషను ఇదీ అని చూపిస్తాం. పిన్నిని రమ్మన్నాను.

"నా సవితిని సూడ్డానికి నేనెందుకే?" అని కసిరింది. కాసేపటికి గంజిపెట్టిన చీర కట్టుకుని బయటికొచ్చింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

చెయ్యి ముందు నిలబెట్టగానే పిన్ని దాన్ని ఎగాదిగా చూసి, "ఓలమ్మ, ఇంతేనేటి! నిద్దరోతందా?" అంది. మెయిన్ స్విచ్చి ముందురోజు సాయంత్రమే కట్టేశారు. తన్మయ్ దా "మాసీమా" అని, అంటే పిన్నీ అని పిలిచి, కరెంటు లేకపోతే దీని కీళ్లన్నీ బ్రేకు పడి బిగుసుకుపోతాయని బెంగాలీలో ఓపిగ్గా చెప్పాడు. కదిపి చూపించబోయాడు కూడా. అది ఇసుమంతైనా కదల్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

చెయ్యి కొసకు తడి కుంకుమ నేనే పెట్టాను. భర్త పోయినదాన్నని పిన్ని దూరంగా నిలబడింది. "సాల్లే సంబడం, నువ్వు కాకపోతే ఎవులెడతారు" అని నేను గసిరితే ఒక బంతిపువ్వు తెచ్చి మోచేతి దగ్గర పెట్టింది. పెట్టి, అరచెయ్యి అక్కడే ఉంచేసింది.

"నీ కాడికొస్తానని బయల్దేరినాడు," అంది దానితో, గొంతు తగ్గించి. "నీ కాడికీ రానేదు. నాకూ సెప్పనేదు."

టక్ టక్.

చెయ్యి కొస కిందికి వాలింది, లేచింది, మళ్లీ వాలింది. నా కళ్లతో చూశాను. చప్పుడుకి తన్మయ్ దా వెనక్కి తిరిగాడు. దండ ఊగడం అతనూ చూశాడు. పొద్దుట్నుంచీ బయట వాయించిన ఢాక్ డోలు అదురేమో అనుకోవడానికి లేదు, వాయించేవాళ్లు అప్పుడు భోజనాల్లో ఉన్నారు.

నేను ఒకడుగు వెనక్కేశాను. పిన్ని మాత్రం అదిరిపడలేదు. వంటింట్లోంచి అన్నంత మామూలుగా, "ఎల్లి రండి," అంది.

అని, కళ్ల నీళ్లు ధారగా కారిపోతుంటే నా వైపు తిరిగింది. "ఆ పొద్దు కోపంకొద్దీ మిక్సీ ఏసినానే పాపా. సెట్నీ రుబ్బుతన్నాను. తట్టే ఉంటాడు. నాకే ఇనపనేదు."

ఆయన పోయాక ఆ మనిషి మనసారా ఏడవడం అదే మొదటిసారి. నేను పట్టుకుని నేనూ ఏడ్చాను. తన్మయ్ దా ఎటు చూడాలో తెలియక బల్ల వైపు చూశాడు. చూసి, నన్ను పిలిచాడు. బల్ల మీద, పక్కపక్కనే, రెండు ఎర్రని కుంకుమ చుక్కలు.

కళ్లు తుడుచుకున్న పిన్ని అడిగిన మొదటి మాట, "ఆకలేస్తందే. కిచుడీ ఎక్కడెడతన్నారు?"

మర్నాడు తన్మయ్ దా ప్రోగ్రామంతా వెతికాడు. తీసేసిన తట్టుడు అందులో లేదు. స్విచ్చి కట్టేసిన తర్వాత అది కదిలినట్టు ఎక్కడా నమోదు కాలేదు. బ్రేకు వదులై ఒకసారి వాలిందనుకుందాం, కరెంటు లేకుండా లేచి మళ్లీ ఎలా వాలింది? దెయ్యాలున్నాయని ఇప్పటికీ నేననను. తెల్లచీర కథలు చెప్పేవాళ్లని ఇప్పటికీ నిలదీస్తాను, కాకపోతే మునుపటంత గట్టిగా కాదు.

పిన్ని ఇప్పుడు తలుపు గడియ వేసుకుంటోంది, రెండు పూటలా తింటోంది. ఆదివారాలు నేను వెళ్తే వడ్డిస్తూ, "నా సవితి బాగుందా?" అని అడుగుతుంది. బాగుంది అంటాను. తిని, చెయ్యి కడుక్కుని, గడప దాటాక తలుపు మీద రెండుసార్లు తడతాను.

"ఎల్లి రాయే," అంటుంది లోపల్నుంచి.