మధ్యాహ్నపు ప్రార్థన

మా మొదటి బిడ్డ పుట్టేనాటికి మేము గుడిసెలో లేము. అవి యాభైల చివరి రోజులు. నెల్లూరులో పెన్న గట్టు కింద ఉన్న మా తాటాకు ఇళ్లను మునిసిపాలిటీ వాళ్లు తీసేసి, రైలుకట్టకు అవతల కొత్తగా కట్టిన గదుల వరసలోకి మమ్మల్ని పంపారు. గుడిసెల్లో జబ్బులు పుడతాయి, నిప్పంటుకుంటే అంతా పోతుంది అన్నారు. నిప్పు మాట నిజమే, మా కళ్ల ముందే ఇళ్లు కాలాయి. అందుకే ఇటుక గోడను చూసి సంతోషించాను. చేత్తో తడిమి చూసుకున్నాను కూడా.

పైన జింకు రేకులు. ఒక తలుపు, దాని మీద అరచేతంత కంత. ఎండలు ముదిరాక ఆ గది ఏమిటో తెలిసింది. పొద్దెక్కేసరికి రేకులు టపటపమనేవి. గోడ తాకితే చెయ్యి చురుక్కుమనేది. మూడు నెలల పసిదానికి ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం కళ్లు తేలేసి బిగుసుకుపోయింది. ఆస్పత్రిలో నర్సమ్మ తడిగుడ్డ చుట్టి, బిడ్డ తేరుకున్నాక, "పగటి పూట చల్లని చోట పెట్టుకోమ్మా. మళ్లీ ఇట్లా వస్తే కష్టం" అంది.

మా ఆయన రైసుమిల్లులో మూటలు మోసేవాడు. ఆ సాయంత్రమే తాటాకులు తెచ్చి రేకుల మీద కప్పాడు. గది కాస్త చల్లబడింది. ఆ వారంలోనే మునిసిపాలిటీ మేస్త్రీ వచ్చి అవన్నీ పీకించాడు. వీధి మొదట్లో ఉన్న బోర్డు చూపించి, "ఆకు వెయ్యకూడదని రాసుంది గదా, చదవలేదా?" అన్నాడు.

"చదువు రాదయ్యా" అన్నాను.

"అయితే నేను చెప్తా ఉండా, ఇను. మళ్లీ వేసినారంటే గది ఖాళీ చెయ్యాల."

నాకు అక్షరాలు వచ్చేనాటికి జుట్టు నెరిసింది. అప్పటికి ఆ బోర్డూ లేదు.

చల్లని చోటంటే మాకు తెలిసింది మా చర్చి ఒక్కటే. ఎత్తైన మిద్దె, మందపాటి గోడలు, నాపరాళ్ల నేల. ఆదివారం ఆరాధన అయ్యాక మా అత్త గుమ్మం దగ్గర పాస్టరు అయ్యగారిని ఆపింది.

"అయ్యగారూ, ఆడోళ్లకి మధ్యాన్నం పూట ప్రార్థన పెట్టించండి. దినామూ."

ఆయన ఎంతో సంతోషించారు. "కొత్త ఇళ్లకు పోయినాక మీకు భక్తి పెరిగిందమ్మా" అన్నారు.

"అంతే అయ్యగారూ" అంది అత్త తల వంచుకుని.

అప్పటినుంచి రోజూ వరసలోని తల్లులం పసిపిల్లల్ని చంకనేసుకుని పోయేవాళ్లం. హిందువుల ఆడవాళ్లు మొదట వరండాలోనే కూర్చున్నారు. "లోపలికి రావచ్చా అక్కా? మీ దేవుడు ఏమనుకోడు గదా?" అని ఒకామె అడిగితే, "మా దేవుడేమీ అనుకోడు గానీ, చెప్పులు బయట ఇడిచి రా" అంది అత్త. పిల్లల్ని బండల మీద పడుకోబెట్టేవాళ్లం. అయ్యగారు ముగించబోతే ఎవరో ఒకరు "ఇంకొక కీర్తన పాడదాం అయ్యగారూ" అనేవారు. వెనకనుంచి ఇంకొకరు "మెల్లగా పాడండిమే, బిడ్డలు లేస్తారు" అనేవారు. ఎండ వాలేదాకా అలా సాగేది. నా బిడ్డ చెమటకాయలు తగ్గిపోయాయి. మళ్లీ ఫిట్స్ రాలేదు.

రోహిణి కార్తె రాబోతుండగా అయ్యగారు, పై ఊళ్లో సభలున్నాయని, తాను తిరిగొచ్చేదాకా చర్చికి తాళం వేస్తానని చెప్పారు. "ఇండ్లల్లోనే ప్రార్థన చేసుకోండమ్మా" అన్నారు. ఆయన ముందు నేనెప్పుడూ నోరు విప్పి ఎరగను. ఒళ్లో బిడ్డ నిద్రపోతోంది.

"తాళం వెయ్యొద్దు అయ్యగారూ" అన్నాను.

"ఎందుకమ్మా?"

"మేం వచ్చేది ప్రార్థనకు కాదు, నీడకు. ఆ రేకుల కింద ఈ బిడ్డ బతకదు."

ఆయన నా ఒళ్లో బిడ్డ వైపు చూశారు. "ఇన్ని దినాలూ ప్రార్థన అనుకుంటినే" అన్నారు.

"చేసినాం గదా అయ్యగారూ" అంది అత్త. "బిడ్డలు నిద్ర లేవగూడదని చేసినాం."

ఆయన నవ్వలేదు. గొడుగు తీసుకుని మాతో నడిచారు. మా గదిలో పీట వేస్తే కూర్చున్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మంచినీళ్లు అడిగారు. కుండలో నీళ్లు కూడా వెచ్చగానే ఉన్నాయి. అవే తాగి బయటికొచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టారు. "సాయంత్రం మూసుకోండి" అన్నారు. అంతే.

మర్నాడు తలుపు మేమే తెరుచుకున్నాం. వాక్యం లేదు, కీర్తన లేదు. "ఈ పూటకి ప్రార్థన అయిపోయింది, పడుకోండిమే" అంది అత్త. బిడ్డ పక్కనే నేనూ పడుకున్నాను. పగటి పూట అలా ఒళ్లెరగకుండా నిద్రపోవడం, బిడ్డ పుట్టాక అదే మొదలు.

నా బిడ్డ బతికింది. ఆ వేసవిలో మా వరసలో బతకని బిడ్డలూ ఉన్నారు. వాళ్ల తల్లులు మిల్లుల్లో పనికి పోయేవాళ్లు. మధ్యాహ్నం చర్చికి రావడానికి వాళ్లకు వీలయ్యేది కాదు.

సాయంత్రం తాళం వేసి ఇంటికి వచ్చేసరికి రేకులు ఇంకా కాగుతూనే ఉండేవి. అవి చల్లారేదాకా, ఎవరి గుమ్మం ముందు వాళ్లం బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చునేవాళ్లం.