కోత మిషన్ల సైటుకు కాపలా

నా మరిదిని నేను క్షమించలేదు. క్షమించను కూడా. ఆ మాట ముందే చెప్పి మిగతాది చెబుతాను.

మా ఆయన పోయాక నాకు మిగిలినవి రెండు వరికోత మిషన్లు. ఉండేది మిర్యాలగూడ. మిషన్ కావలసిన రైతులు ఫోన్‌లోనే రాసుకునేటట్టు మా అక్క కూతురు ఒక వెబ్‌సైట్ చేసి పెట్టింది. ఆమె సూర్యాపేటలో కంప్యూటర్ పని చేస్తుంది. రైతు పేరు, ఊరు, పొలం సర్వే నంబరు, ఫోన్ నంబరు నింపి పంపితే చాలు. పైన పెద్దగా నా నంబరు ఉంటుంది, రాసుకున్నవన్నీ దానికే వస్తాయి. నాకు సంతకం తప్ప చదువు లేదు, అంకెలు మాత్రం గుర్తుపడతాను.

యాసంగి కోతలు మొదలవగానే నా ఫోన్ మూగబోయింది. అట్లా ఉండగా నిడమనూరు రైతు ఒకావిడ బజారులో ఎదురైంది.

"ఏందక్కా, నీ మిషన్లు కరాబైనయంట గద? మీ మరిది చెప్పిండు. తన మిషన్ పంపుతనన్నడు."

"వాడు నీకేడ కలిసిండు?"

"నీ సైట్ల ఉన్న నంబర్‌కే చేసిన. ఆయనే ఎత్తిండు."

ఫోన్‌లో సైటు తెరిచి చూశాను. అంకెలు నావి కావు. కోదాడలో మిషన్లు తిప్పే నా మరిదివి.

బస్సెక్కి సూర్యాపేట పోయాను. అక్క కూతురు చూసి చెప్పింది: పేరు రాయాల్సిన గడిలో పేరు కాకుండా కంప్యూటర్‌కు హుకుం రాసి పంపారట. సైటు దాన్ని నమ్మి నంబరు మార్చేసిందట. ఆమె నా నంబరు మళ్ళీ పెట్టి, ఆ కంత పూడ్చింది. కానీ ఇంకెన్ని కంతలున్నాయో తెలియదు కాబట్టి సైటు ముందర కాపలా పెట్టాలంది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. ఏ రాత మంచిది, ఏది దొంగది అని పోల్చుకునే రూల్స్ దానికి విడిగా ఇవ్వాలి. ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసి, ఎవరైనా పైసా లేకుండా ఉత్తగనే వాడుకోమని ఇంటర్నెట్‌లో పెట్టారట. ఊరూ పేరూ తెలియని వాళ్ళు నాకు అంత సాయం చేశారు. మా ఆయనతో ఒక్క కడుపున పుట్టినవాడేమో అన్న పెళ్ళానికి ఇది చేశాడు.

నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె ముందు కాపలాను ఎక్కించి, ఇంటర్నెట్ నుంచి రూల్స్ మూట దింపింది. అందులో ఉన్న నమూనా ఫైలుకు నకలు తీసి, పేరు మార్చి, మన సంగతులు అందులో రాసింది. రూల్స్ ఎక్కడున్నాయో కాపలాకు చూపించి, సర్వర్ ఆపి మళ్ళీ నడిపించింది. తానే ఒక దొంగ రాత పంపి చూస్తే, అనుమతి లేదని వచ్చింది. ఆ సీజన్‌లో నేను నవ్వింది అప్పుడే.

"సిన్నమ్మా, ఓ వారం ఎవ్వరిని ఆపకుంట, ఊకె సూసి రాసుకొమ్మని పెడత. మనోళ్ళనే ఆపుతదేమో సూడాలె గద."

"వారమైతే సగం కోతలు ఖతమైతయి. ఇయ్యాలనే ఆపమను. గట్టిగ పెట్టు."

"గట్టిగ అంటే నాలుగు మెట్లుంటయి. మనకు ఒకటో మెట్టు సాలు."

"నాలుగు పెట్టు. వాని గాలి గూడ సోకొద్దు."

"కోపమొస్తె నువ్వు ఎవ్వలి మాట ఇనవు" అంటూ పెట్టింది.

రెండు రోజులు ఒక్క బుకింగ్ రాలేదు. మళ్ళీ వాడి పనే అనుకుని ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఏంటి వదినా, పొద్దున్నే మొదలుపెట్టావ్? నేనేం చెయ్యలేదు" అని నవ్వాడు.

ఆ ఒక్కసారి వాడు చెప్పింది నిజం. కాపలా రాసుకున్న చిట్టా తెరిచి చూసిన అక్క కూతురు తల పట్టుకుంది. మన సర్వే నంబర్లు 214/అ/2 అన్నట్టు ఉంటాయి, మధ్యలో గీతలు, తెలుగు అక్షరం. నాలుగో మెట్టు మీద ఆ రూల్స్‌కు ఇవన్నీ దొంగ రాతలే. వచ్చిన ప్రతి రైతునూ గెంటేశాయి.

"నీ పగకు మనోళ్ళే బలైండ్రు సిన్నమ్మా."

చిట్టాలో ఉన్న ఫోన్ నంబర్లు ఆమె చదువుతుంటే ఒక్కొక్కరికీ చేసి బతిమాలాను. సగం మంది అప్పటికే నా మరిది మిషన్ మాట్లాడుకున్నారు.

ఈసారి ఒకటో మెట్టు పెట్టింది. సర్వే నంబరు గడిలో గీతలను, అక్షరాలను పట్టించుకోవద్దని విడిగా రాసింది. నాలుగు రోజులు ఊరికే చూడనిచ్చాను, పళ్ళు బిగబట్టి. మనవాళ్ళెవరూ చిక్కడం లేదని తేలాకే ఆపడం మొదలుపెట్టాం.

మర్నాడే ఆమె ఫోన్ చేసింది. "దొరికిండు సిన్నమ్మా! మల్ల పంపిండు. కాపలా ఆపింది. రాతల నడుమ ఆయన నంబర్ ఉంది."

"కాగితం మీద తియ్యి" అన్నాను.

సూర్యాపేటలో దిగి ఆ కాగితం తీసుకుని కోదాడ పోయాను. వాడి ఆఫీసులో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి వదినా?"

"సదువు. నాకు రాదు గద. నువ్వు నా సైటుకు పంపిన ఉత్తరమే."

కళ్ళద్దాల రైతు ఒకాయన తీసుకుని చూశాడు. "ఇదంతా ఏదో ఇంగ్లీషు గీతలు. మధ్యలో నీ నంబరుందేంటయ్యా?"

"వదినా, లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం."

"గీడనే మాట్లాడత" అని, నంబరు ఎట్లా మారిందో, నా మిషన్లు కరాబైనాయని ఎవరు చెప్పారో అందరికీ వినబడేటట్టు చెప్పాను.

కళ్ళద్దాల ఆయన లేచాడు. "మాది తడి పొలమమ్మా, టైర్ల మిషన్ దిగబడుతుంది. నీ దగ్గర చైన్ల మిషన్ ఉందా?"

"ఉన్నది. రేపు పొద్దుగాల మీ గట్టు మీదుంటది."

ఆయన వెనకే ఇంకొకాయన లేచాడు. మరిది గొంతు తగ్గించాడు. "ఇంటి పరువు బజారున పెడతావా వదినా?"

"మీ అన్న ఏడాది మాసికం గాకముందే నా నంబర్ తీసేసినప్పుడు పరువు యాదికి రాలేదా?"

కాగితం లాక్కుని బయటికి వచ్చాను. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు కనబడింది. ఇరవై కాపీలు తీయమన్నాను. వాడి మిషన్లు తిరిగే ఒక్కో ఊరికి ఒకటి.