సగం కాలిన మేకపిల్ల కథ

మన బడి గ్రూపులో నేను రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి, నేను చదివింది ఐదో తరగతే.

ఇవాళ పొయ్యిలో శెనక్కాయ పొట్టు మండగానే నా ఎడమ చెయ్యి దానంతటదే ముడుచుకుంది. గుర్తుందా, ఐదో తరగతి వేసవి సెలవులకు టీచరు తలా ఒక కథల పుస్తకం ఇచ్చారు? నాకు తప్పిపోయిన మేకపిల్ల కథ వచ్చింది. బడి తెరిచేలోగా అది ముగించి, మీ అందరివీ చదవాలనుకున్నాను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చూడకుండా విత్తనానికి దాచిన శెనక్కాయలు ఒలిచాను. పప్పులు బద్దలయ్యాయి.

"బద్దలైన పప్పు మొలుస్తాదేమే? నీ చదువును విత్తాల్నా?" అంటూ నాయన చర్నాకోలతో వీపు చీల్చాడు, పుస్తకాన్ని పొయ్యిలోకి విసిరాడు. నేను మంటలో చెయ్యి పెట్టాను.

"వదలవే, చెయ్యి కాలుతాండాది" అని అమ్మ నన్ను జుట్టు పట్టి లాగింది.

పుస్తకం సగమే చేతికొచ్చింది, చివరి పేజీలు బూడిదయ్యాయి. నా బడీ అంతటితో అయిపోయింది.

మీరు చదవగానే ఇది గ్రూపులోంచి చెరిపేస్తాను, మా ఆయన కంట పడకూడదు. ముందు మాత్రం, ఆ మేకపిల్ల ఇల్లు చేరిందో లేదో ఎవరైనా చెప్పండి.