అత్త మోకాళ్ళకు పసుపు

మా మేనత్త పోయింది. ప్రొద్దుటూరులో మా చిల్లర అంగడి షట్టరు సగం ఎత్తి ఉండగా జమ్మలమడుగు నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. "అన్నా, అత్త లేదన్నా. కాఫీ ఇద్దామని లేపితే లేయలేదు" అంది. "అయితే కాఫీ తాగలేదా?" అని అడిగాను. డెబ్భై దాటిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది? కోడలు మాత్రం, "లేదన్నా, తాగలేదు" అని మర్యాదగానే జవాబు చెప్పి ఏడ్చింది.

మా నాయనకు ఆఖరి చెల్లెలు ఆమె. నాకంటే కాస్త పెద్దదంతే, పెత్తనానికి మాత్రం మా అవ్వంత. పులివెందుల దగ్గర పల్లెకు ఇచ్చారు. కొడుకు ఇంకా పాకుతున్నప్పుడే మామ పోయాడు. ఆ బిడ్డను చంకనేసుకుని జమ్మలమడుగు చేరి, ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. పొయ్యి మీది పెద్ద గుండిగల ముందు నిలబడి నిలబడి కొడుకును ఒడ్డుకు చేర్చింది. ఈలోగా మోకాళ్ళు అరిగిపోయాయి.

నేను బడికి పోయింది తక్కువ. పొట్లాలు కట్టే పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. అందుకే నాకు తెలిసిన కథల్లో సగానికి ముగింపు ఉండదు. అది ఇంకెవరి ఇంటికో చక్కెర పొట్లంగా వెళ్ళిపోయి ఉంటుంది. అత్త కథ ముగింపు మాత్రం దగ్గరుండి చూశాను కాబట్టి చెప్పగలను.

పెళ్ళయిన కొత్తలో ఆమె పుట్టింటికి వస్తే బస్సు దిగేటప్పుడు మాకు ముందు కనపడేవి పసుపు పాదాలు. మా ఇంట్లో అంత మందంగా పసుపు రాసుకున్న ఆడమనిషి మరొకరు లేరు. "గడపకు మిగిల్చవే తల్లీ" అని మా అవ్వ కసిరేది. మామ పోయాక ఆ పసుపును ఆపించింది కూడా ఇంట్లోని ఆడవాళ్ళే. అత్త ఎదురు చెప్పలేదు. చెప్పకపోగా వాళ్ళను మించి పట్టింపుకు పోయింది. కూరలో పసుపు వేయాలన్నా చెంచాతోనే వేసేది, వేలికి అంటనిచ్చేది కాదు.

"నాలుకకు లేని దోషం వేలికెందుకత్తా?" అని ఒకసారి అడిగాను.

"నాలుక మింగి మర్చిపోతాది రా అబ్బీ. వేలికి ఆశ ఎక్కువ" అంది.

మోకాళ్ళు వాచినప్పుడు పసుపు, ఆముదం కలిపి పట్టు వేసుకోమని చెప్పనివాళ్ళు లేరు. "మొగుడు లేనిదానికి పసుపు పూతలేంది?" అని అందరి నోళ్ళూ మూయించేది. గోడ పట్టుకుని నడిచింది గానీ పట్టు మాత్రం వేయించుకోలేదు.

అట్లాంటప్పుడు మందులషాపులో పసుపు పొడి నింపిన గొట్టం మాత్రలు నా కంటబడ్డాయి. కీళ్ళ నొప్పులకు చాలామంది వాడుతున్నారని షాపతను అన్నాడు. జన్మంతా పసుపు తూచినవాణ్ణి, అదే పసుపును డబ్బాలో కొనుక్కుని అత్త ముందు పెట్టాను.

"ఏంది రా, నువ్వు అమ్మేది చాలక కొనేది గూడా పసుపేనా?" అని నవ్వింది. డబ్బాను చేతిలో తిప్పి తిప్పి చూసింది. "ఇది లోపలికి పోయేదే గదా?"

"లోపలికే అత్తా."

"అయితే ఎవురికి కనపడతాది!"

అన్నం తిన్నాక ఒకటి మింగేది. మింగే ముందు, కోడలు చూడలేదనుకుని, ముక్కు దగ్గర పెట్టుకునేది. నొప్పి తగ్గిందా అంటే, "రవంత. తగ్గకున్నా మింగుతా" అనేది.

తర్వాత ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. ప్రొద్దుటూరు డాక్టరు రక్తం పలచబడే మాత్రలు రాసి, వాడుతున్న మందులన్నీ చూపించమన్నాడు. పసుపు డబ్బా పక్కకు తీసిపెట్టాడు. "ఈ రెండూ కలిపి వేసుకోకూడదమ్మా, రక్తం కారితే ఆగదు. ఇవి మానేయాలి" అన్నాడు.

నన్ను కదా తిట్టాలి, అడగకుండా తెచ్చిచ్చినందుకు. అత్త నా వైపు చూడనే లేదు. ఆ డబ్బానే చూస్తూ, "ఒకతూరి తీసేసినారు. మల్లా నువ్వు గూడా తీసేస్తాండావా నాయనా?" అంది.

ఆ కుర్ర డాక్టరుకు ఏం అర్థమవుతుంది? మోకాళ్ళ కోసం దిగులనుకున్నాడు. "అంతగా కావాలంటే నూనెలో కలిపి పైన పూసుకో అమ్మా. దానికి అడ్డం లేదు" అని తర్వాతి మనిషిని పిలిచాడు.

బయటికొచ్చి అత్త బల్ల మీద కూలబడింది. "పైన పూసుకోమన్నాడు. నువ్వు గూడా ఇన్నావు గదా?"

"విన్నానత్తా."

"లోపలికి వద్దు, పైకి అన్నాడు." తనలో తానే ఇంకోసారి అనుకుంది.

వారం తిరగకముందే కోడలు ఫోన్లో నవ్వు ఆపుకోలేక చెప్పింది. "అన్నా, అత్తకు మోకాళ్ళ నొప్పి పాదాలకు దిగినట్టుంది. పూసేటప్పుడు చెయ్యి కిందికి జారిపోతాంది."

తర్వాత వెళ్ళినప్పుడు అడిగాను. "పాదాలు నొప్పా అత్తా?"

"శానా. ఎన్నేండ్ల నొప్పో" అంది, కళ్ళు ఎత్తకుండా, మడమకు రుద్దుకుంటూనే.

మోకాళ్ళు బాగుపడ్డాయని నేను రాయను. ఆఖరిదాకా బస్సు మెట్టు ఎక్కాలంటే ఆమెకు నా భుజమే కావలసి వచ్చేది. ఆ భుజం ఇప్పుడు ఊరకే ఉంది. అంగట్లో పసుపు బస్తా కొత్తగా విప్పినప్పుడల్లా వాసన చూసి, ఇది అత్తకు నచ్చుతుంది అనుకుని, పొట్లానికి కాగితం కూడా చింపుతాను. తర్వాత గుర్తొస్తుంది.

అత్త పోయిన రోజు స్నానం చేయించేటప్పుడు ఒక ముసలావిడ అభ్యంతరం పెట్టింది. "ఆ కాళ్ళకు ఏందే ఆ పసుపు? కడిగేయండి." కోడలు సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. మళ్ళీ రుద్దమన్నారు. కోడలు చెంబు కింద పెట్టేసింది. "అది మందు. డాక్టరు చెప్పిన మందు. నేను కడగను" అంది.

పాడెను పెన్నేటి ఒడ్డుకు తీసుకుపోతుంటే నేను కాళ్ళ దగ్గర నడిచాను. మీద కప్పిన తెల్లగుడ్డ గాలికి పైకి లేచినప్పుడల్లా, ఆ ఎండలో, అత్త పాదాలు బస్సు దిగబోతున్న కొత్త పెళ్ళికూతురి పాదాల్లాగే ఉన్నాయి.