లింగన్న పూచీ

లింగస్వామిది తిరుమలగిరి దగ్గరి పల్లెలో గొర్ల మంద ఉన్న ఇల్లు. చిన్నప్పుడు మంద జీపుకు అడ్డం వచ్చిందని ఒక పోలీసాయన అతని బాపును నలుగురిలో చెంప మీద కొట్టాడు. బాపు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అదే కొడుకు పెరిగి కానిస్టేబుల్ అయ్యాడు. తన చెయ్యి మాత్రం ఎవరి మీదా లేవకూడదనుకున్నాడు.

హైవే పక్కన ఒక చిన్న పట్నంలో అతనికి డ్యూటీ పడింది. అక్కడి నేత కాలనీ పిల్లలకు పోలీసులంటే గిట్టదు. ఊళ్లో బండి పోయినా, కొట్లాట జరిగినా ముందు వాళ్ల తలుపులే తట్టేవారు మరి. తెలంగాణ వచ్చాక కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డప్పుడు లింగస్వామి కాలనీకి వెళ్లి, పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు వస్తే పరుగు నేర్పుతానన్నాడు. ఎవరూ గ్రౌండులోకి దిగలేదు. అతనొక్కడే పరుగెత్తుతుంటే గోడమీద కూర్చుని నవ్వారు. కొన్నాళ్లకు ఆ గోడ దిగి వచ్చినవాడు మహేశ్. తండ్రి లేడు, తల్లి వెంకటనర్సమ్మ మగ్గం నేసి సాకింది. వాడి వెనక మిగతావాళ్లూ వచ్చారు. పరుగు తర్వాత గట్టు మీద కూర్చుని ఇంటి సంగతులు కూడా చెప్పుకునేవారు. చెల్లెలి వెంట ఎవడో పడుతున్నాడని ఒకడు తనంతట తానే వచ్చి చెప్పినప్పుడు లింగస్వామికి కడుపు నిండినట్టయింది.

వినాయక నిమజ్జనం సాయంత్రం బజారులో గొడవై ఒక వ్యాపారి తమ్ముడి తల పగిలింది. ఆ సమయానికి మహేశ్ గ్రౌండులో లింగస్వామి ఎదుటే లాంగ్‌జంప్ చేస్తున్నాడు. మర్నాడు ఎస్సై లింగస్వామిని పిలిచి, కాలనీ పిల్లలను తీసుకురమ్మని, ఊరికే అడిగి పంపిస్తామని చెప్పాడు. నమ్మి వెళ్లాడు.

వెంకటనర్సమ్మ మగ్గం గుంటలోంచి లేచి నిలబడింది. కొడుకును ఎందుకు తీసుకుపోతున్నారని అడిగింది.

"నా పూచీ అక్కా. పొద్దుగూకేలోపు నేనే దింపిపోత," అన్నాడు లింగస్వామి.

ఆమె మళ్లీ మగ్గం గుంటలోకి దిగింది. మహేశ్ చొక్కా తొడుక్కుని తనంతట తానే వచ్చి బండెక్కాడు.

స్టేషన్‌కు చేరగానే లింగస్వామిని వేరే ఊరి బందోబస్తుకు పంపారు. తిరిగొచ్చేసరికి పిల్లలు గోడకు ఆనుకుని ఉన్నారు. మహేశ్ అరికాళ్లు వాచి నేల మీద ఆనడం లేదు. వీడు నా దగ్గరే ఉన్నాడు సారూ అని లింగస్వామి ఎంత మొత్తుకున్నా, పైనుంచి ఒత్తిడి ఉందని ఎస్సై కొట్టిపారేశాడు. కేసులో మహేశ్ పేరు ఎక్కింది. రిమాండుకు తీసుకుపోయే వ్యాను దగ్గర మహేశ్ ఒక్కమాటే అడిగాడు.

"అన్నా, నీకు ముందుగాలనే ఎరుకనా?"

"లేదురా," అన్నాడు లింగస్వామి. నిజమే చెప్పాడు. కానీ అతని గొంతు అతనికే అబద్ధంలా వినిపించింది.

కేసు ఏళ్లు నడిచింది. మహేశ్ తరఫు వకీలు పిలిస్తే లింగస్వామి యూనిఫాం వేసుకునే కోర్టు బోనెక్కి, ఆ సాయంత్రం వాడు తన కళ్లముందే ఉన్నాడని చెప్పాడు. తోటివాళ్లు అతనితో మాట్లాడడం మానేశారు. కల్వకుర్తి వైపు బదిలీ చేశారు. చివరికి కేసు కొట్టేశారు గానీ, అప్పటికి మహేశ్‌కు ఉద్యోగం వయసు దాటిపోయింది. కాలేజీ గ్రౌండుకు కాలనీ పిల్లలు మళ్లీ రాలేదు.

మొన్న వేసవిలో నకిరేకల్ బస్టాండులో వెంకటనర్సమ్మ కనిపించింది. లింగస్వామి దగ్గరికి వెళ్లి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె బెంచీ మీద జరిగి, పక్కన కూర్చోమని జాగా ఇచ్చింది. మహేశ్ నిమ్మకాయల మండిలో బస్తాలు మోస్తున్నాడని చెప్పింది. వాడికి తన మీద ఇంకా కోపముందా అని అడిగాడు.

"నీ మీద కోపం లేదు సారు. కోర్టుల నువ్వు చెప్పింది మాకెరుకే. గని వాడు గిప్పుడు ఎవ్వల మాటా నమ్ముతలేడు. నేను చెప్పినా నమ్ముతలేడు."

ఆమె బస్సు వచ్చింది. లింగస్వామి సంచి అందించాడు. బస్సు కదిలాక చాలాసేపు ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాడు.