ముహూర్తానికి రాని వేలు

నా కుడి బొటనవేలి పక్కన పుట్టుకతోనే ఇంకో పిల్ల బొటనవేలు ఉండేది. ఏడాది నిండగానే తీయించమన్నారట డాక్టర్లు. తీయించనివ్వనిది మా నాన్న లైట్‌మ్యాన్‌గా పనిచేసే సినిమాల నిర్మాత. నేను పాకే వయసులో ఉండగా ఆ వేలిని క్లాప్‌బోర్డుకు తాకించి ఓ సినిమాకు ముహూర్తం చేశాడు. సినిమా వంద రోజులు ఆడింది. అంతే, నా వేలు ఆయన సొత్తయిపోయింది.

"ఏమయ్యా, ఆ వేలు కోయించావంటే నా కొంప ముంచినట్టే" అనేవాడు.

నాన్న యూసుఫ్‌గూడ ఇంటికొచ్చి, "సారు గట్లంటుండు బిడ్డా. ఈ పిక్చర్ అయినంక చూద్దాం" అనేవాడు.

ఒకటయ్యేది, ఇంకోటి మొదలయ్యేది. నా అసలు బొటనవేలు వంకరగా పెరిగింది. ప్రతి ముహూర్తానికీ పట్టులంగా కట్టి నిలబెట్టేవారు. బోర్డు పట్టు కుదరక నాన్నే నా చెయ్యి పట్టుకుని కొట్టించేవాడు. జనం చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరిగెత్తిన రోజులవి. డిగ్రీ అయ్యాక డేటా ఎంట్రీ ఉద్యోగానికి టైపింగ్ పరీక్షకెళ్లాను. స్పేస్ బార్ మీద రెండు వేళ్లూ పడి, మాటల మధ్య ఖాళీలే ఖాళీలు. ఉద్యోగం రాలేదు. "ఇక మీ సారు పిక్చర్ ఏ గంగలోనైనా కలవనీ" అని నాన్నతో అనేసి, బంజారా హిల్స్‌లో ఓ ఆసుపత్రికి వెళ్లాను.

"చిన్నప్పుడైతే తేలిగ్గా పోయేదమ్మా. ఇప్పుడు ఎముక కూడా సరిచెయ్యాలి" అన్నారు డాక్టరుగారు. ఆ మాట ఈ రోజుకీ మర్చిపోలేదు. ఆపరేషనయ్యి కట్టు విప్పాక వ్యాయామం మొదలైంది: బట్టల క్లిప్పు బొటనవేలితో నొక్కి దండేనికి పెట్టు, తియ్యి, మళ్లీ పెట్టు. నొప్పికి కళ్లమ్మట నీళ్లు కారేవి. ఆ క్లిప్పు నిర్మాతగారి ముక్కుకే పెడుతున్నాననుకునేదాన్ని. అబద్ధమెందుకు, నాకు బాగా పనిచేసిన మందు అదే.

ఆర్నెల్లకు కబురొచ్చింది, కొత్త సినిమా ముహూర్తానికి అమ్మాయిని తీసుకురమ్మని.

"వేలు తీయించిన సంగతి చెప్పకు నాన్నా. నేనొస్తా" అన్నాను.

"నా పని పోతది బిడ్డా."

"నా ఉద్యోగం పోలేదా?"



ఫిల్మ్‌నగర్‌లో, దండ వేసిన కెమెరా పక్కన, "మా లక్కీ హ్యాండ్!" అంటూ నిర్మాత నన్ను అందరికీ పరిచయం చేశాడు. చున్నీ కింది నుంచి చెయ్యి తీసి అందరికీ కనబడేలా ఎత్తాను. ఐదే వేళ్లు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వేలేదమ్మా?"

"తీయించేశానండీ. మీ అదృష్టాన్ని ఆసుపత్రివాళ్లు చెత్తలో పారేశారు."

బోర్డు లాక్కోబోయాడు. నేనివ్వలేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకోకుండానే, ఠప్పుమని క్లాప్ కొట్టాను. ఎవరూ కదల్లేదు. లైట్ల పక్కనున్న మా నాన్న ఒక్కడే చప్పట్లు కొట్టాడు.